సంత రోజు ఖాళీ జీపు

అహరోను మీద నాకు కోపం ఉంది. అది దాచిపెట్టి అతని గురించి మంచిగా నాలుగు ముక్కలు రాయడం నా వల్ల కాదు.

చింతపల్లి జీపుల స్టాండు ఎదురుగా నాది స్పేర్ పార్టుల కొట్టు. మా నాన్న కాలంలో అనకాపల్లి నుంచి ఈ కొండల మీదికి వచ్చాం. బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లు, ఫ్యాన్ బెల్టులు అమ్ముకుని బతికేవాణ్ణి. స్టాండులో అందరు డ్రైవర్లూ లైనింగు అరిగి, ఇనుము ఇనుముతో రాసుకుని కీచుమంటే గాని నా కొట్టు మెట్లెక్కరు. ఒక్క అహరోను మాత్రం సగం అరగగానే వచ్చి మార్చేస్తాడు. వ్యాపారికి అంతకంటే మంచి ఖాతాదారు ఎవడుంటాడు? అయినా అతను కొట్టు ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఏదో ఇబ్బందిగా ఉండేది. భయంతో కొనేవాడికి సరుకమ్మడం అంత సుఖం కాదు.

అతని భయానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట వానలో, నిండా మనుషులతో జోడువాగు ఘాట్ దిగుతుంటే బ్రేకులు కాగిపోయి పెడల్ నేలకంటుకుపోయింది. ఒకవైపు లోయ, ఒకవైపు కొండ. జీపును కొండకేసి రుద్ది ఆపాడు. ప్రాణాలు పోలేదు గాని ముందు సీట్లో కూర్చున్న వరమ్మ కాలు విరిగింది. కట్టు విప్పాక ఆ కాలు వంకరగానే నిలిచింది. వరమ్మ అహరోను వెళ్ళే చర్చిలో మనిషే. ప్రతి ఆదివారం ఆమె కర్ర పొడుచుకుంటూ వచ్చి ముందు చాప మీద కూర్చుంటుంది, అహరోను వెనకెక్కడో గోడకానుకుని కూర్చుంటాడు. ఆమె ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. అనుంటే అతనికే నయంగా ఉండేదని అతని భార్య నిర్మల నాతో అంది.

అప్పట్నుంచి అహరోను ఘాట్ మధ్యలో జీపు ఆపేసి బ్రేకు డ్రమ్ములు చల్లారేదాకా కదలడు. ఎక్కినవాళ్ళు విసుక్కుంటారు. వెనకొచ్చే జీపులవాళ్ళు హారన్ కొట్టి, నవ్వి, దాటిపోతారు. అతను మాత్రం కిందికి దిగి చక్రాల దగ్గర వంగి వాసన చూస్తాడు. లైనింగు మాడిన వాసన ఒకసారి ముక్కుకు పడితే ఇక వదలదు.

మా స్టాండు కట్టుబాటు కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది ఎవరికీ ఎక్కదు. వరస ప్రకారం ఎవరి వంతు వస్తే ఆ బండి నిండాక కదలాలి. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపాలి. ఖాళీ లేకపోయినా సరే, ఆపి, ఖాళీ లేదని నోటితో చెప్పి మరీ వెళ్ళాలి. చూసీ ఆపకుండా పోతే ఆ మనిషిని తిట్టినట్టే లెక్క. బస్సు ఆగని ఊళ్ళు ఇవి. గంటసేపు రోడ్డు పక్క నిలబడ్డ మనిషికి ఆ పాటి మాట కూడా దక్కకపోతే ఎలా?

ఇలాంటి చోటికి వినయ్ వచ్చిపడ్డాడు. విశాఖలో ఏదో ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు. అందరిలాగే చలికాలం మంచు చూద్దామని వచ్చి, కారు చెడిపోయి, అహరోను జీపెక్కాడు. ఘాట్ మధ్యలో ఈయన జీపాపి వాసన చూడడం చూసి అతనికి ఏదో పురుగు కుట్టింది. ఆ సాయంత్రమే నా కొట్లో కూర్చుని ఫోనులో మాకు ఒక పందెం చూపించాడు. ఇరవై నాలుగు గంటలపాటు ఆపకుండా కార్లు తిరిగే పందెం. అందులో కార్లన్నీ ఒకటి కాదు, తరగతులుంటాయట. పైతరగతి కార్లు పిడుగుల్లా పోతాయి, కిందితరగతివి బయట రోడ్ల మీద తిరిగేవాటిలాంటివే. అన్నీ ఒకే రోడ్డు మీద కలిసి తిరుగుతాయి గాని ఎవరి గెలుపు వాళ్ళ తరగతిలోనే. నెమ్మది బండి తన దారి తను వదలకూడదు, వేగం బండే చోటు చూసుకుని దాటాలి. అహరోనుకు అది వెంటనే అర్థమైంది. ఘాట్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సూ, జీపూ, ఎడ్లబండీ చేసేది అదే కదా అన్నాడు.

అతనికి అర్థం కానిది ఒక్కటే. "రేతిరంతా తిరిగి, మొదలెట్టిన కాడికే వత్తారా? మరి ఎవుల్నీ ఎక్కించుకోరేటి?" అనడిగాడు. వినయ్ పడీపడీ నవ్వాడు. అహరోను నవ్వలేదు.

వినయ్ అసలు చెప్పదలుచుకున్నది పైతరగతి కార్లలో ఉండే హైబ్రిడ్ సంగతి. ఇంజనుతో పాటు ఒక కరెంటు మోటారు కూడా ఉంటుంది. వేగం తగ్గించాల్సి వచ్చినప్పుడు చక్రమే మోటారును తిప్పుతుంది, మోటారు ఎదురు తన్ని చక్రాన్ని నిలవేస్తుంది. అలా పుట్టిన కరెంటు బ్యాటరీలో చేరుతుంది. మళ్ళీ పరుగెత్తాల్సినప్పుడు ఆ కరెంటే బండిని నెడుతుంది. మనం దిగుడులో బ్రేకులకు పెట్టి తగలబెట్టేదంతా డబ్బాలో దాచుకుని ఎక్కుడులో వాడుకోవడం అన్నమాట. పందేల్లో అది వేగం కోసం. అహరోను మాత్రం వేగం మాట విననే లేదు. "అయితే బ్రేకులు కాగవా?" అని ఒకే ముక్క అడిగాడు. చాలా తక్కువ కాగుతాయి అన్నాడు వినయ్.

ఏడాది తిరక్కుండా వినయ్ ఒక మోటారు, ఒక బ్యాటరీ, సంచెడు వైర్లూ పట్టుకుని దిగాడు. నా కొట్టు వెనక దొడ్లో రేకుల షెడ్డు కింద అహరోను పాత కమాండర్ జీపు వెనక ఇరుసుకు మోటారు బిగించారు. సీటు కింద బ్యాటరీ. నా దొడ్డి, నా రెంచీలు, నా టీ, పైగా నా లైనింగుల వ్యాపారానికే ఎసరు. తెలిసీ చేయించాను. మొదటిసారి నిండు జీపుతో ఘాట్ దిగి వచ్చిన రోజున అహరోను బండిని స్టాండులో పెట్టకుండా నేరుగా నా కొట్టు ముందు ఆపాడు. కింద వాగు దగ్గర దిగి డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి చూశాడట. చెయ్యి కాలలేదట.

"సల్లగుంది, సావుకారు," అన్నాడు. అంతే. ఆ మాట చెప్పడానికే వచ్చాడు. మర్నాటినుంచి ఘాట్ మధ్యలో ఆగడం మానేశాడు.

ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది! కాని ఆ మోటారు అహరోనుది కాదు, కాలేజీది. కాలేజీ పెద్దలకు రుజువు కావాలట. ఒక కొండ జీపు డ్రైవరు చల్లగా ఉందంటే అది రుజువు కాదు. అదే సమయానికి ఒక మోటారు క్లబ్బు వాళ్ళు మా కొండల్లో ఆరు గంటల ఓర్పు పందెం పెడుతున్నామని ప్రకటించారు. ఘాట్ పైనున్న మెట్ట మీద బయలుదేరి, జోడువాగు ఘాట్ ఒకవైపు దిగి, వాగు మీద వంతెన దాటి, రెండో రోడ్డున ఎక్కి మళ్ళీ మెట్ట మీదికి రావాలి. అలా ఆరు గంటలు తిరగాలి. కాలేజీవాళ్ళు తేల్చి చెప్పారు. ఈ జీపు ఆరు గంటలూ తిరిగి, ఫలితాల్లో దాని పేరు పడితే మోటారు దానికే ఉంచేస్తారు, స్టాండులో మిగతా జీపులకు కూడా బిగిస్తారు. పేరు పడకపోతే విప్పి పట్టుకెళ్ళి కాలేజీ గదిలో పెట్టేస్తారు, పని అక్కడితో మూసేస్తారు. గెలవక్కర్లేదు. పేరు పడితే చాలు.

పందెం రోజు పొద్దున్నే మొదలైంది గొడవ. మెట్ట మీద గుడారాలు, మైకు, టోపీలు. మూడు తరగతులు పెట్టారు. మొదటిది కంపెనీల కొత్త హైబ్రిడ్ కార్లకు, రెండోది ఇంజను మార్చి బలం పెంచిన బండ్లకు, మూడోది పాత బండ్లకు. మా జీపును చూసి మొదటి తరగతి పెద్దమనిషి, ఇంత ముసలి బండి ఇక్కడేమిటన్నాడు. మూడో తరగతి పెద్దమనిషి వంగి ఇరుసు చూసి, మోటారున్న బండి ఇక్కడేమిటన్నాడు. ఇద్దరి మధ్యా వినయ్ కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగాడు. అతను కొత్తవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, ఎవరూ వినిపించుకోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. బండి ఉంది, మనిషి ఉన్నాడు, రోడ్డు ఉంది, నిలబెట్టడానికి గడి మాత్రం లేదు! చివరికి అజయ్ అని పందెం నియమాలు చూసే యువకుడొకడు వచ్చి తీర్పు చెప్పాడు. మూడో తరగతిలోనే తిరగాలి, కాని బ్యాటరీ ఖాళీ చేసి మొదలుపెట్టాలి, తిరుగుతూ తాను సంపాదించుకున్న కరెంటు తప్ప బయటి కరెంటు ముట్టకూడదు. మాకు అదే చాలనుకున్నాం.

అసలు తద్దినం వేరే ఉంది. ఆ మహానుభావులు పందెం పెట్టింది సంత రోజున. నగరంలో కూర్చుని క్యాలెండరు చూసుకుని సెలవు రోజు కాదు, ట్రాఫిక్ ఉండదు అనుకున్నారట. వారానికి ఒక్కరోజు ఆ లోయలో ఊళ్ళన్నీ పైకి ఎక్కొచ్చే రోజది. అల్లం, పసుపు, చింతపండు, మిరియాలు, కోళ్ళు అన్నీ నెత్తిన పెట్టుకుని వస్తారు. ఆ రోజే రోడ్డు మూసి జీపులన్నిటినీ స్టాండులో కట్టేశారు. ముందురోజు ఊళ్ళలో ఎవరో మైకుతో చెప్పారంటారు. ఏం చెప్పారో, ఏ భాషలో చెప్పారో ఆ మైకుకే తెలియాలి. బండ్లను ఆపగలిగారు గాని నడిచేవాళ్ళను ఎవరాపుతారు? మూటలు నెత్తిన పెట్టుకుని జనం రోడ్డంచున బారులు తీరి ఎక్కొస్తూనే ఉన్నారు. మలుపుకొక వాలంటీరు ఈల ఊదుతూ వాళ్ళను పక్కకు తోలుతున్నాడు.

జెండా ఊపారు. మా జీపు దిగింది, వాగు దాటింది, రెండో రోడ్డున ఎక్కడం మొదలుపెట్టింది. మిగిలిన సంగతి అహరోను తర్వాత నాకు చెప్పిందే.

ఎక్కుడులో మొదటి మలుపు దగ్గరే చేతులు లేచాయి.

జనానికి పందెం గురించి ఏం తెలుసు? వాళ్ళకు కనిపించింది ఒక్కటే. జీపులు రాని రోజున దేవుడు పంపినట్టు అహరోను జీపు వస్తోంది. ఆ జీపు ఇంజను మోత కూడా వాళ్ళకు తెలుసు. దూరం నుంచే మూటలు దింపి సిద్ధంగా నిలబడ్డారు. జీపు ఖాళీగా వచ్చి ఖాళీగా పోయింది.

మొదటి చుట్టు అహరోను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కాదన్నట్టు ఊపాడు. ఎవరికి అర్థమవుతుంది? రెండో చుట్టుకు వాళ్ళు ఇంకా పైకి నడిచి ఉన్నారు, మళ్ళీ చెయ్యెత్తారు. మూడో చుట్టుకు కొందరు రోడ్డు మధ్యకు రాబోయి ఈలలకు వెనక్కి తగ్గారు. ఆ తర్వాత చుట్టుకు ఎవరూ చెయ్యెత్తలేదట, ఊరికే నిలబడి చూశారట. అతనికి అదే ఎక్కువ కష్టమైంది.

జీపు మాత్రం బంగారంలా తిరిగింది, ఆ మాట చెప్పకపోతే పాపం. దిగుడులో మోటారు పట్టి నిలవేస్తుంది, ఎక్కుడులో నెట్టుకొస్తుంది. కొత్త హైబ్రిడ్ కార్లు చప్పుడు లేకుండా వెనక చేరేవి. అహరోను తన ఎడమ దారి వదలకుండా, ఘాట్‌లో బస్సుకు చూపినట్టే చేత్తో దాటమని సైగ చేసేవాడు. వాళ్ళలో ఒక డ్రైవరు విరామంలో వెతుక్కుంటూ వచ్చి, ఈ రోడ్డు మీద నన్ను సరిగా దాటనిచ్చింది నువ్వొక్కడివే అని చెయ్యి కలిపి వెళ్ళాడు. మూడో తరగతిలో అప్పటికే కొన్ని బండ్లు పొగలు కక్కి పక్కన పడ్డాయి. మాది ముందుంది. వినయ్ ముఖం చూడాలి, పెళ్ళికొడుకులా ఉన్నాడు.

మధ్యాహ్నం తప్పనిసరి విరామానికి జీపు వచ్చి ఆగితే నేను గుడ్డ పట్టుకుని వెళ్ళాను. తలుపు మీద ఇంత పేడ ముద్ద. ఎవరో విసిరారు. అహరోను దిగి దాన్ని చూశాడు, నా చేతిలో గుడ్డ తీసుకుని తనే తుడిచాడు. నిర్మల పంపిన సద్ది విప్పలేదు.

"ఆల్లు సెయ్యెత్తుతన్నారు, సావుకారు. నాను ఆపట్నేదు," అన్నాడు.

ఇంకెంతసేపని, సాయంత్రం అందరికీ తలా ఒక మాట చెప్పుకుందువు గానీ తిరగవయ్యా అన్నాను. మోటారు పోతే మళ్ళీ ఆ వాసన చూసుకుంటూ కూర్చుంటావా అని కూడా అన్నాను. తలూపి ఎక్కాడు.

చివరి చుట్టు. సంత ముగించుకున్నవాళ్ళు తిరుగుముఖం పట్టారు. దిగుడు మొదట్లో, మెట్టకు కొంచెం కింద, వరమ్మ నిలబడి ఉంది. చంకలో కర్ర, పక్కన ఉప్పు మూట, బియ్యం మూట. పొద్దున ఆ వంకర కాలుతో ఎక్కొచ్చింది ఆమె, ఇప్పుడు ఆ మూటలతో దిగాలి. ఈ జీపు ఆగదని ఆమెకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా వినలేదో, కర్ర పైకెత్తింది.

అహరోను బ్రేకు తొక్కాడు.

పోనీ ఆమె ఒక్కతే ఎక్కిందా? ఆగిన జీపును చూసి వెనక నడుస్తున్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. వాలంటీరు ఈల ఊది ఊది గొంతు పోగొట్టుకున్నాడు. లోపల నిండింది, వెనక మెట్టు మీద ఇద్దరు, పైన మూటలు. మామూలు సంత రోజు జీపు ఎలా ఉంటుందో అలా తయారైంది. ఎక్కినవాళ్ళు ఊరుకున్నారా? పొద్దున్నుంచి ఖాళీగా తిప్పుకుని ఇప్పుడు బుద్ధి వచ్చిందా అని దారి పొడుగునా అతన్ని దులిపేశారు. అంత బరువు మీద మోటారు గట్టిగా పట్టి, బ్యాటరీ త్వరగా నిండిపోయి, ఆఖరి రెండు మలుపుల్లో మాత్రం బ్రేకులు వాడాల్సి వచ్చిందట. అవి అప్పటిదాకా చల్లగా ఉన్నవే కాబట్టి పట్టాయి. వంతెన దగ్గర అందరినీ దింపాడు, వరమ్మ మూటలు చేతికందించాడు, ఖాళీ జీపుతో రెండో రోడ్డున ఎక్కి గడువుకు ముందే మెట్ట మీదికి వచ్చేశాడు.

వినయ్ మోటారు కొలతలు రాసే తన యంత్రంలో గీతలు చూసి గంతేశాడు. నిండు బరువుతో ఆ దిగుడు ఎలా ఉంటుందో అతనికి ఇన్నాళ్ళూ ఇంత వివరంగా దొరకలేదట. ఇదే కదా నాకు కావలసింది అంటూ అహరోనును కావలించుకున్నాడు. సరిగ్గా అప్పుడు అజయ్ వచ్చాడు.

అజయ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది, తిట్టి పోసేవాణ్ణి. పందెంలో ఉన్న బండి బయటి మనుషుల్ని ఎక్కించుకుంటే ఫలితాల్లోంచి తీసేయాలి, అది నియమం. కాని ఒక దారుంది అన్నాడు. జనం రోడ్డుకు అడ్డంపడి బండిని బలవంతంగా ఆపి ఎక్కారని డ్రైవరు చెబితే తప్పు డ్రైవరుది కాదు, పేరు ఉంటుంది. రోడ్డు మూయడానికి అనుమతిచ్చింది పోలీసులు కాబట్టి ఆ మాట వాళ్ళకు తెలియజేస్తాం, అది మామూలే అన్నాడు. వాలంటీరు కూడా జనం ఎగబడ్డారనే చెప్పాడట.

అతనికి అది మామూలే. మాకు కాదు. ఈ కొండల్లో రోడ్డుకు అడ్డంపడ్డారన్న మాట ఒకసారి స్టేషనుకు చేరితే దాని కథ వేరు. ఎవరెవరు, ఏ ఊరు, ఎందుకు, వెనక ఎవరున్నారు అని పిలుస్తూనే ఉంటారు. పని మానుకుని, అన్నం మూట కట్టుకుని, స్టేషను అరుగు మీద పొద్దంతా కూర్చోవాలి. వరమ్మ కూడా కూర్చోవాలి.

అది నాకు తెలియదా? తెలుసు. తెలిసే చెప్పమన్నాను. ముందు మోటారు నిలబెట్టుకో, స్టేషనులో ఎస్సైకి నేను నచ్చజెబుతాను, ఆయన బండికి పార్టులు నా కొట్లోనే కొంటాడు అన్నాను. వినయ్ అహరోను ముఖంకేసి చూస్తూ రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. అహరోను అడకత్తెరలో పోకచెక్కలా మా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. స్టాండులో జీపులన్నీ అతని నోటి మీద ఉన్నాయి. ఒక్క ముక్క, అవునంటే చాలు.

"ఎవులూ అడ్డం రానేదు, బాబూ. నానే ఆపినాను," అన్నాడు.

అజయ్ బాగా ఆలోచించుకుని చెప్పమన్నాడు.

"ఆలోసించేదేటుంది? సెయ్యెత్తినారు, ఆపినాను."

సాయంత్రం మైకులో ఫలితాలు చదివారు. మూడో తరగతిలో ఎవరిదో ఎర్ర జీపుకు కప్పు ఇచ్చారు. మాకంటే రెండు చుట్లు వెనకున్న బండి అది. మా పేరు ఎక్కడా లేదు. జనమంతా చప్పట్లు కొడుతుంటే నేను అహరోనును ఎన్ని మాటలు అన్నానో నాకే గుర్తులేదు. నీ ఒక్కడిదే అనుకున్నావా, స్టాండులో అన్ని జీపుల నోట్లో మట్టి కొట్టావు కదరా అన్నాను. అతను జీపు చక్రాలకు రాయి పెడుతూ వింటున్నాడు.

కాలేజీనుంచి కబురు రావడానికి వారం కూడా పట్టలేదు. వినయ్ చాలా పోరాడాడట, గీతలన్నీ చూపించాడట. గీతలు బాగున్నాయి గాని ఫలితాల్లో పేరు లేదు కదా అన్నారట. మోటారు విప్పడానికి అతనే వచ్చాడు. ఇంకెవరి చేతా విప్పించబుద్ధి కాలేదన్నాడు. నా దొడ్లో అదే రేకుల షెడ్డు కింద, అవే రెంచీలతో, బిగించినవాళ్ళిద్దరే ఒక్కో బోల్టూ విప్పారు. వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నిస్తానన్నాడు వినయ్. అహరోను సరే అన్నాడు. ఇద్దరికీ నమ్మకం లేదు. వ్యాను వెళ్ళిపోయాక అహరోను కొట్టు ముందుకు వచ్చి వెనక చక్రాలకు రెండు జతల లైనింగులు ఇమ్మన్నాడు. ఇచ్చాను. నా చేత్తో నేనే పొట్లం కట్టి ఇచ్చాను. వ్యాపారం చేస్తూ నన్ను నేను అంతగా అసహ్యించుకున్న రోజు ఇంకోటి లేదు.

మోటారు పోతే పోయింది, జనమైనా మిగిలారా? అదీ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో అప్పుడు చూశాను. లోయ ఊళ్ళన్నిటా ఒకే మాట పాకింది. టోపీలవాళ్ళు గుమ్మరించిన డబ్బుకు ఆశపడి అహరోను సంత రోజు ఖాళీ జీపు తిప్పాడు, చెయ్యెత్తితే మొహం తిప్పుకున్నాడు, చివర్లో పందెం అయిపోయాక ఊరికే దింపినట్టు నాటకమాడాడు అని. ఆ జీపులో ఎక్కి దిగినవాళ్ళే ఈ మాట ఎక్కువగా చెప్పారు. వాళ్ళ కోసం ఈ మనిషి ఏం వదులుకున్నాడో వాళ్ళకు తెలియదు.

నేను చెబుతానన్నాను. స్టాండు మధ్యలో నిలబడి మైకు లేకుండా చెబుతానన్నాను. అహరోను నా చెయ్యి పట్టుకున్నాడు.

"పోలీసుల ఊసెత్తకు, సావుకారు. ఆ మాటింటే బయపడిపోయి సంతక్కూడా రారు. ఆ ఊసు మనకాడే ఉండనీ."

ఇదిగో, నా కోపం ఇక్కడే. నీతికో సత్యానికో కాదు, వాళ్ళు భయపడతారని! అలాంటి మనిషికి సమాధానం చెప్పలేం, కొట్టలేం, వదిలెయ్యలేం.

మళ్ళీ సంత వచ్చింది. సాయంత్రం తిరుగు వరసలో అహరోను బండి ముందుంది. జనం మూటలతో వచ్చారు, ఆ బండిని చూశారు, వెనక బండి దగ్గరికెళ్ళి నిలబడ్డారు. వెనక జీపు డ్రైవరు భీముడు మంచివాడే, ముందు దాన్లో ఎక్కండి, వరస దానిది అన్నాడు. ఎవరూ కదల్లేదు. వరమ్మ ఒక్కతే కర్ర పొడుచుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. అహరోను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని రోడ్డుకేసి చూస్తూ ఉన్నాడు.

నాకు ఇక నిలవలేదు. బేరం మధ్యలో కొట్టు షట్టరు దించి, వెళ్ళి ఆ జీపు వెనకెక్కి కూర్చున్నాను. ఎక్కడికి సావుకారూ అన్నాడు. ఎక్కడికైతే ఏటి, తియ్యి బండి అన్నాను. స్టాండులో నిండకుండా బండి కదలడం అదే మొదలు. మెట్ట దాటి ఘాట్ మొదలయ్యేసరికి రెండో గేరులోకి వచ్చాడు. చేతి కింద ఇప్పుడు ఏ మోటారూ లేదు, కాబట్టి చాలా నెమ్మది.

మూడో మలుపు దగ్గర నడిచి దిగుతున్న మనుషులు నలుగురైదుగురు ఉన్నారు. వెనక నుంచి జీపు చప్పుడు విని, తిరిగి చూడకుండానే ఒకాయన చెయ్యెత్తాడు. అహరోను ముఖం ఒక్కసారిగా విప్పారడం నేను అద్దంలో చూశాను. దగ్గరికి వచ్చేసరికి ఆయన తిరిగి చూశాడు. ఎవరి జీపో తెలిసింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దించేసి, మూట సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు.

అయినా అహరోను ఆపాడు. ఇంజను కట్టేయకుండా, బ్రేకు మీద కాలుంచి, ఆపే ఉంచాడు. వాళ్ళు ఇటు చూడలేదు. వరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, ఎక్కండర్రా, ఖాళీ ఉంది అంది. ఆయన మూట ఇంకో భుజానికి మార్చుకున్నాడు. నాకు నోటిదాకా వచ్చింది మొత్తం, పళ్ళు బిగించి మింగాను. వెనక నుంచి భీముడి జీపు నిండుగా వచ్చింది, హారన్ కొట్టింది, మమ్మల్ని దాటి ఆగింది. ఖాళీ లేదని భీముడు నోటితో చెబుతూనే ఉన్నాడు, వాళ్ళు వినకుండా వెనక మెట్టు మీద వేలాడుతూ ఎక్కేశారు.

ఆ జీపు మలుపు తిరిగేదాకా ఆగి, అహరోను మళ్ళీ గేరు వేశాడు.